ఇంటికి వెళ్లని అలలు

వాషింగ్టన్‌లోని శాక్లర్ గ్యాలరీలో తవరాయ సోతాత్సు అనే క్యోటో చిత్రకారుడి బొమ్మల ప్రదర్శన జరిగింది. 2015 అక్టోబరు 24న మొదలై, 2016 జనవరి 31తో ముగిసింది. స్మిత్సోనియన్ వాళ్లది కాబట్టి టికెట్ లేదు. ఇవన్నీ మళ్లీ ఇలా ఒకచోట చేరడం కష్టం. అందుకు కారణం ఒక వీలునామా.

ముందు సోతాత్సు గురించి. 1600 నుంచి 1640 దాకా పనిచేశాడని ఒక అంచనా. ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. క్యోటోలో విసనకర్రల మీద బొమ్మలు వేసి అమ్మే కొట్టు నడిపేవాడు. ఆ కొట్టు పేరే తవరాయ. అధికారం ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి, తరలిపోయిన రోజులవి. చక్రవర్తి మాత్రం క్యోటోలోనే ఉండేవాడు. చేతిలో అధికారం లేని దర్బారు పెద్దలు, డబ్బున్న వర్తకులు కలిసి పాత కవిత్వాన్ని మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. సోతాత్సు బంగారు, వెండి రంగులు అద్దిన కాగితాల మీద హొన్నామి కోయెత్సు పాత పద్యాలు రాసేవాడు. తెలుగు టైపింగు సొంతంగా నేర్చుకున్న నాకు ఏ అక్షరం కొట్టినా ఒకే మందంలో పడుతుంది. అక్కడేమో ఒక గీత లావుగా మొదలై, వెంట్రుకంత సన్నబడి, కింద పూసిన ఆకులోకి కలిసిపోతుంది.

ప్రదర్శనకి ప్రాణం 'మత్సుషిమా అలలు'. ఆరేసి మడతలున్న రెండు తెరలు. అలలు, రాళ్లు, వాటిమీద పైన్ చెట్లు, బంగారు ఇసుక దిబ్బలు. ఎదురుగా నిలబడితే అందమైన బొమ్మ, అంతే. ఒక చివరి నుంచి రెండో చివరికి నడిచాను. మడతలు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే సముద్రం కదిలింది. వెండి పూసిన చోట్లు నాలుగు వందల ఏళ్లలో నల్లబడ్డాయి. ఆ నలుపు కూడా బాగుంది.

ఈ తెరలు ఒకప్పుడు ఒసాకా పక్కన సకాయ్ అనే ఊళ్లో ఒక బౌద్ధ ఆలయంలో ఉండేవి. రైలు పెట్టెల తయారీలో సంపాదించిన డెట్రాయిట్ వ్యాపారి చార్లెస్ ఫ్రియర్ 1906లో వాటిని కొన్నాడు. తన సేకరణంతా దేశానికి రాసిచ్చాడు. 1923లో ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు. తను ఇచ్చిన ఏ వస్తువునీ బయటికి అరువివ్వకూడదన్నది ఆయన షరతు. అంటే ఈ అలలు ప్రదర్శన కోసమైనా జపాను వెళ్లలేవు. అందుకే మిగతా బొమ్మలే వీటి దగ్గరికి వచ్చాయి.

ఇంకో సంగతి. సోతాత్సు వేసిన వాటిలో జగత్ప్రసిద్ధమైన వాయుదేవుడు, ఉరుముల దేవుడు ఉన్న తెరలు క్యోటోలోని కెన్నిన్జీ ఆలయానివి. అసలువి క్యోటో నేషనల్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆలయంలో భక్తులు చూసేది డిజిటల్ ప్రతిని. కాపీకీ అసలుకీ తేడా ఉండకూడదనే వృత్తి నాది. ఒక్క బిట్ మారినా తప్పే. కానీ ఇక్కడ ఆ లెక్క కుదరదు. ప్రతి ఉన్నది దాని చోటులో, అసలు ఉన్నది పరాయి చోటులో. ప్రతిలోని వెండి, ఫోటో తీసిన రోజున ఎంత నల్లగా ఉందో అంతే నల్లగా ఉంటుంది. అసలుది ఇంకా ముసలిదవుతూనే ఉంటుంది.

ఇదంతా చూస్తుంటే మన అమరావతి గుర్తుకు రాకుండా ఉండదు. స్తూపం చుట్టూ ఉండాల్సిన ఫలకాలు ఎన్నో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గోడకి నిలబెట్టి ఉన్నాయి. డబ్బిచ్చి కొన్నదీ, దొరతనంలో పట్టుకుపోయినదీ ఒకటి కాదు, నిజమే. ఊళ్లో మిగిలిన ఖాళీ మాత్రం ఒకలాగే ఉంటుంది. ఫ్రియర్ పుణ్యమా అని ఆఫీసు నుంచి మెట్రో ఎక్కి నేను ఆ అలలు చూడగలిగాను. సకాయ్‌లో ఉన్నవాళ్లు చూడాలంటే సముద్రం దాటి రావాలి.

ఎప్పుడైనా ఆ తెరలు చూడటానికి వెళ్తే మాత్రం ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయకండి. కుడి చివర మొదలుపెట్టి ఎడమకి మెల్లగా నడవండి. జపాను వాళ్లు చదివేదీ అటు నుంచే.