చెమటయంతయు వ్యాయామమేనా?

వేసవిలో దిల్‌సుఖ్‌నగరమున నే వంటయింట జూచినను రెండు గడియలలో కట్టిన చీర తడిసిపోవును. "పొయ్యి యెదుట నింత చెమటోడ్చు మాకు వేఱుగా వ్యాయామ మేల?" యని యనేకు లందురు. ఈ మాట విచారింపఁదగినది.

చరకసంహితలోని స్వేదాధ్యాయమున, నిప్పు లేకయే చెమట పుట్టించు సాధనములు పది చెప్పఁబడినవి. వ్యాయామము, వెచ్చని గది, ఎండ, ఆఁకలి, భయము, కోపము మున్నగునవి యందుఁ జేరినవి. చెమట యొకటియే, కారణములు వేఱు.

నడకచేఁ గాని వెలుపలి వేడిచేఁ గాని దేహము కాఁగినపుడు చర్మమందలి రక్తనాళములు విప్పారును. గుండె వడిగాఁ గొట్టుకొనును. చెమట యాఱుచు నొడలిని చల్లఁబఱచును. ఇంతవఱకు రెండును సమానములే. ఫిన్లాండు దేశమున సౌనా యను వేడిగదులలోఁ గూర్చుండు వాడుక కలదు. అచ్చటి 2,315 మంది పురుషులను సుమారు 20 సంవత్సరములు పరిశీలించి, తఱచుగా నట్లు కూర్చుండువారిలో హృద్రోగమరణములు తక్కువగా నుండెనని 2015లోఁ బ్రకటించిరి. ఆ మేలునకు వేడియే కారణమని మాత్ర మింకను స్థిరపడలేదు.

అయినను ముఖ్యమైన భేద మొకటి కలదు. నడచునపుడు కండరములు పనిచేయును. అవి వ్యయించు శక్తిలో నించుమించు నాల్గవవంతే పనిగా మాఱి, తక్కినది వేడియగును. కండకును నెముకకును బలమిచ్చున దా పనియే. ఊరక సోఁకిన వేడి యంతటి బలము నీయఁజాలదు. చెమటతోఁ దగ్గిన తూకము నీరే కావున, నీరు త్రాగఁగనే మరల వచ్చును.

ఈ రెండు వేడులు కలిసినచో నపాయము. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములందు వడదెబ్బచే 2,000 మందికిఁ బైగా మరణించిరి. బలవంతులు సైతము చలికాలమునను వసంతమునను సగము శక్తి మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులం దంతకన్న మెల్లగాఁ జేయవలెననియు వాగ్భటుఁడు చెప్పెను. కావున వేసవిలో నడకను తెల్లవాఱుజామున, చేరువనున్న సరూర్‌నగర్ చెఱువు వైపునఁ గాని, మేడమీఁదఁ గాని సాగింపుఁడు. వేడికి దేహ మలవడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అందాఁక కొద్దికొద్దిగాఁ బెంచుకొనుఁడు. వంటయింటి కిటికీలు తెఱచి, దప్పిక పుట్టకమున్నే నీరో మజ్జిగయో త్రాగుఁడు.

వేడిలో నున్నవారికి మాట తడఁబడినను, తెలివి తప్పినను వడదెబ్బయని యెంచి, వెంటనే 108కి ఫోను చేసి, నీడకుఁ జేర్చి, యొడలు తడిపి విసరవలెను. తెలివిలేనివారి నోట నీరు పోయరాదు.

వంటయింటి చెమటను లెక్కవేసికొని నడక మానకుఁడు. దినమున కొక యరగంట యైనను మన దేహమునకై యుంచుకొందము.