4294967297 అను సంఖ్య

రెంటిని రెంటితో గుణింపగా 4 వచ్చును. నాలుగును దానితోనే గుణింపగా 16, పదునాఱును దానితోనే గుణింపగా 256, మరల నట్లే చేయగా 65536. రెండు మొదలుగా ఈ వరుసలోని ప్రతిసంఖ్యకును ఒకటి చేర్చినయెడల 3, 5, 17, 257, 65537 లభించును. ఇవి యైదును ప్రధానసంఖ్యలే. అనగా ఒకటియు తానును దక్క వేఱు భాజకములు లేనివి.

ఫ్రాన్సుదేశమున తులూజు నగరపు న్యాయసభలో నుద్యోగియై, తీరికవేళల గణితమభ్యసించిన ఫెర్మా ఈ వరుసను జూచి, యెంతదూరము పోయినను ప్రధానసంఖ్యలే వచ్చునని తలచి, 1640లో జాబులు వ్రాసెను. నిరూపణము మాత్రము తనకు దొరకలేదని యొప్పుకొనెను. ఈ యొప్పుకోలునకై మేమాతని మిక్కిలి గౌరవింతుము.

వరుసలో నాఱవది 4294967297. నాలుగువందల యిరువదితొమ్మిది కోట్లకు మించినది. సామాన్యరీతిని దీనిని పరీక్షింపవలెనన్న 65536 లోపలి ప్రధానసంఖ్యలు 6542 గలవు. అన్నిటితోను భాగించి చూడవలెను. అంత యోపిక యెవరికి గలదు? 1732లో ఆయిలర్ అను గణితవేత్త ఇది 641చే నిశ్శేషముగా భాగింపబడునని ప్రకటించెను. దీని ప్రధానభాజకమేదైనను 64చే భాగింపగా ఒకటి శేషముగా నుండవలెనని యాతడే పిదప నిరూపించెను. అట్టి ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ భాగహారముతోనే పని ముగిసినది! భాగలబ్ధము 6700417.

భాగహారము చేయకయే దీనిని గ్రహింపవచ్చును. పై తరగతుల బాలురు కాగితముపై వ్రాసికొనుచు చదువుదురుగాక. 640ని 640తో గుణించి ఒకటి తీసివేయగా 639, 641ల లబ్ధము వచ్చును. కావున నాలుగు 640లను గుణించి ఒకటి తీసివేసినను 641చే భాగింపబడును. 640 అనగా 5 × 128 గనుక, నాలుగు 640ల లబ్ధము 625 × 268435456 అగును. మఱియు 625కు 16 చేర్చిన 641 గదా! కనుక 625 × 268435456కు 16 × 268435456 చేర్చినను 641చే భాగింపబడును. ఈ రెండవదానినుండి మొదటిదానిని తీసివేయుడు. మిగులునది 16 × 268435456 + 1. అదియే మన సంఖ్య.

దీనిని మేము తరగతిలో చెప్పినపుడు ఒక బాలుడు, “అయ్యా, అయిదును సరిపోయినపుడు ఆఱవది యేల తప్పవలెను?” అని యడిగెను. తప్పవలెనని నియమము లేదు; తప్పకూడదనియు లేదు. అయిదు లెక్కలకు కుదిరిన సూత్రమును నమ్మి ఆఱవదానిలో చెడిన విద్యార్థులలో ఒకప్పుడు మేమును జేరియుంటిమి.

65537 తరువాత ఈ వరుసలో ప్రధానసంఖ్య మఱియొక్కటియైనను నేటివరకు కనబడలేదు. లేదని నిరూపించినవారును లేరు.