ఆట నేర్పిన పెద్దాయన వెళ్లిపోయారు... ఆట ఆగలేదు!

చావింట్లో ఎవరైనా పాచికలాడతారా? ఆడారు! అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరుంది. 2008 మార్చిలో అక్కడ ఒక పెద్దాయనకి అంత్యక్రియలు జరిగాయి. ఆ కార్యక్రమం ముగిశాక బంధువులు, మిత్రులు, అభిమానులు ఒక హాల్లో చేరారు. బల్లల చుట్టూ కుర్చీలు వేసుకున్నారు, కాగితాలూ పెన్సిళ్లూ తీశారు, పాచికలు దొర్లించారు. కళ్లు తుడుచుకుంటూనే ఆడారు. అందులో అమర్యాద ఏమీ లేదు. ఎందుకంటే ఆ పోయినాయనకి వాళ్లు ఇవ్వగలిగిన అసలైన నివాళి అదే!

ఆయన పేరు గ్యారీ గైగాక్స్. 2008 మార్చి 4న, 69వ ఏట సొంతింట్లోనే కన్నుమూశారు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటకి సృష్టికర్తల్లో ఒకరాయన. ఆయన పోయిన మర్నాడే అమెరికాలో పేరున్న హాస్య వ్యాఖ్యాత స్టీఫెన్ కోల్బెర్ట్ తన టీవీ కార్యక్రమంలో నివాళి అర్పించారు. కోల్బెర్ట్ కూడా చిన్నప్పుడు ఆ ఆట ఆడినవాడే మరి. ఇంజినీర్లు, రచయితలు, కంప్యూటర్ గేమ్‌లు తయారుచేసేవాళ్లు... ఆయన్ని ఒక్కసారైనా చూడనివాళ్లు కూడా సొంత మేనమామ పోయినట్టు బాధపడ్డారు.

ఒక ఆట కోసం ఇంత దుఃఖమా అనిపించొచ్చు. ఆ ఆటేమిటో తెలిస్తే ఆ దుఃఖమేమిటో అర్థమవుతుంది.

ఒగ్గుకథ తెలిస్తే ఈ ఆట తెలిసినట్టే!

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల వాళ్లకి దీన్ని వివరించడం చాలా తేలిక. ఆ వైపు పల్లెల్లో ఒగ్గుకథ వినని పెద్దవాళ్లు అరుదు. జనగామ జిల్లా లింగాలఘన్‌పూర్ మండలంలోని మాణిక్యపురం నుంచే చుక్క సత్తయ్య అనే మహా కళాకారుడు వచ్చారు. డోలు మోగుతుంటే ఆయన ఒక్కరే మల్లన్న అయ్యేవారు, మరుక్షణం రాజయ్యేవారు, అంతలోనే కొంగు కప్పుకుని ఆడమనిషయ్యేవారు. 2017 నవంబరులో ఆయన పోయినప్పుడు ఆ ప్రాంతమంతా తమ ఇంటి మనిషి పోయినట్టే కుమిలిపోయింది.

ఒగ్గుకథలో కథకుడు చెబుతాడు, జనం వింటారు. గైగాక్స్ ఆటలోనూ ఒక కథకుడుంటాడు. తేడా ఒక్కటే... ఇక్కడ వినేవాళ్లే కథలో వీరులు! తర్వాత ఏం జరగాలో తేల్చేది వాళ్లే.

నలుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు వైద్యం తెలిసిన సాధువు, నాలుగో మనిషి ఎంత గట్టి తాళమైనా తీయగల దొంగ. ఐదో మనిషి కథకుడు. అతడు మొదలుపెడతాడు... 'మీరు రఘునాథపల్లి దగ్గర, సర్వాయి పాపన్న కట్టించిన ఖిలాషాపూర్ కోటలో ఉన్నారు. రాత్రి రెండో జాము. బురుజు కింద మెట్లు కనిపించాయి. దిగితే ఒక రాతి తలుపు. లోపల్నుంచి పెద్దగా గురక వినిపిస్తోంది. ఇప్పుడేం చేస్తారు?'

తలుపు బద్దలు కొడదామంటాడు వీరుడు. నిద్రపోతున్నదాన్ని లేపడమెందుకు, చప్పుడు కాకుండా తాళం తీస్తానంటాడు దొంగ. తీయగలడా? అది పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక! పెద్ద అంకె పడితే తలుపు మెల్లగా తెరుచుకుంటుంది. ఒకటి పడిందో... లోపల గురక ఆగిపోతుంది!

వైకుంఠపాళిలో పాము నోట్లో పడితే కిందికి జారడమే, అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని చెబితే అన్ని గడులు నడవడమే. ఈ ఆటకి గడులుండవు, పటం ఉండి తీరాలనీ లేదు. నోటితో చెప్పగలిగిందల్లా ఆటలో చేయొచ్చు. ఒక్కరే గెలవడం, మిగతావాళ్లు ఓడిపోవడం కూడా ఉండదు. గండం గడిస్తే అందరూ కలిసి గడిచినట్టే. ఒక కథ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుంది. చిన్న పనులు చేసిన పాత్ర అనుభవం మీద మెట్టు మెట్టుగా ఎదుగుతుంది. ఇవాళ పిల్లలు ఫోన్లో ఆడే ఆటల్లో 'లెవెల్ పెరిగింది' అని కేకలేస్తారే... ఆ పద్ధతిని లోకానికి అలవాటు చేసింది ఈ ఆటే.

చెప్పులు కుట్టిన చేత్తోనే...

గైగాక్స్ 1938 జులై 27న షికాగోలో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన వయొలిన్ కళాకారుడు. రాత్రిళ్లు పిల్లాడికి మంత్రగాళ్ల కథలు చెప్పేవారు. గ్యారీకి కథల పుస్తకాలంటే పిచ్చి, బడి చదువు మాత్రం పడలేదు. హైస్కూలు పూర్తికాకుండానే మానేశారు. పెద్దయ్యాక ఒక బీమా కంపెనీలో ఉద్యోగం దొరికింది. పగలు బీమా లెక్కలు, రాత్రి బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు!

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లందర్నీ ఒకచోట చేర్చాలని 1968లో యాభై డాలర్లకి ఊళ్లోని ఒక హాలు అద్దెకి తీసుకున్నారు. 'జెన్ కాన్' అని పేరుపెట్టిన ఆ సమావేశానికి వచ్చింది వందమంది లోపే. అదే ఈనాడు ఏటా వేలమంది తరలివచ్చే ఆటల జాతరయింది.

1970లో ఉద్యోగం పోయింది. ఇంటినిండా పిల్లలు. బతుకు గడవడానికి ఇంట్లోనే చెప్పులు బాగుచేసే పని పెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే మినియాపొలిస్ ప్రాంతం నుంచి డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు వచ్చి తాను కల్పించిన ఆటొకటి ఆడి చూపించాడు. అందులో సైన్యాలు లేవు. ఒక్కో ఆటగాడికీ ఒక్కో పాత్ర... పాడుబడిన కోట కింద నేలమాళిగలు, వాటిల్లో దాగిన ప్రమాదాలు. గైగాక్స్‌కి ఆ ఊహ తెగ నచ్చింది. దానికి నియమాలు రాయడానికి కూర్చున్నారు. కొత్త ఆటని మొదట ఆడి చూసింది ఆయన సొంత పిల్లలే!

అచ్చు వేయడానికి మాత్రం పేరున్న కంపెనీలేవీ ముందుకు రాలేదు. అప్పుడు చిన్ననాటి స్నేహితుడు డాన్ కే తన జీవిత బీమా మీద వెయ్యి డాలర్లు అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టారు. 1973లో సొంత కంపెనీ మొదలైంది. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెలు వెయ్యి తయారయ్యాయి. వెల పది డాలర్లు. వాటిని ఇంట్లోవాళ్లే పేర్చి, సర్ది పంపేవారు. ఏడాది తిరిగేసరికి ఆ వెయ్యీ అమ్ముడైపోయాయి. పాపం, ఆ సంబరం పూర్తిగా చూడకుండానే 1975లో డాన్ కే కన్నుమూశారు.

పిల్లలు చెడిపోతున్నారంటూ...

ఆట పెరిగింది, దాంతోపాటు అనుమానాలూ పెరిగాయి. 1979లో మిషిగన్‌లో ఒక విద్యార్థి కనిపించకుండా పోయాడు. అతడు ఈ ఆట ఆడేవాడని తెలియగానే పత్రికలు ఆటనే బోనెక్కించాయి. కొన్నాళ్లకి ఆ కుర్రాడు దొరికాడు. అతడి కష్టాలు వేరు, వాటికీ ఆటకీ సంబంధం లేదని తర్వాత తేలింది. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. 1980ల్లో కొందరు తల్లిదండ్రులు, మతసంస్థలవాళ్లు ఇది దయ్యాల పూజ నేర్పే ఆటంటూ ఉద్యమాలు చేశారు. కొన్ని బడుల్లో నిషేధించారు కూడా.

అమ్మానాన్నల భయాన్ని తప్పుపట్టలేం. పిల్లలు గది తలుపేసుకుని గంటలకొద్దీ ఏదో ఊహాలోకంలో ఉంటే ఏ తల్లికైనా గుబులే. అయితే ఆ గదిలో నిజంగా జరుగుతున్నది వేరు. నలుగురిలో నోరు విప్పడానికి భయపడే పిల్లాడు అక్కడ ధీరుడై మాట్లాడేవాడు. బడిలో స్నేహితుల్లేని అమ్మాయికి అక్కడ నలుగురు దొరికేవారు. నియమాలు తెలుసుకోవడానికి లావుపాటి పుస్తకాలు చదివేవారు, పాచికల లెక్కలతో సంభావ్యత నేర్చుకునేవారు. పెద్దయ్యాక వాళ్లలో ఎందరో రచయితలయ్యారు, సినిమాలవాళ్లయ్యారు. 'నాకు మొదటి స్నేహితుల్ని ఇచ్చింది ఈ ఆటే' అనుకున్నవాళ్లే 2008లో కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆట ఎవరిది?

అభిమానుల బాధలో ఇంకో పొర ఉంది. ఆటకి ఊపిరి పోసినవాళ్లిద్దరికీ అది చివరిదాకా దక్కలేదు. పేరూ రాబడీ విషయంలో 1979లో ఆర్నెసన్ కోర్టుకెక్కారు. 1981లో రాజీ కుదిరి, ఇద్దరూ సహ సృష్టికర్తలన్న గుర్తింపు దక్కింది. 1985లో గైగాక్స్ కూడా తన సొంత కంపెనీ మీద పట్టు కోల్పోయారు. మరుసటి ఏడాది చివరికల్లా పూర్తిగా బయటికొచ్చేశారు. 1997లో ఆ కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. రెండేళ్లకి దాన్ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో సొంతం చేసుకుంది. సంతకాలతో ఆట చేతులు మారింది. ఆడేవాళ్ల మనసులో మాత్రం యజమాని మారలేదు. 2009 ఏప్రిల్ 7న ఆర్నెసన్ కూడా క్యాన్సర్‌తో వెళ్లిపోయారు. ఏడాది తేడాతో ఆ జంట పూర్తిగా చరిత్రయిపోయింది.

మనకీ ఉన్నారు అలాంటి పెద్దాయన!

ఆ మరుసటి ఏడాది మన తెలుగువాళ్లకీ అలాంటి దెబ్బే తగిలింది. 2010 జనవరి 27న దాసరి సుబ్రహ్మణ్యం కన్నుమూశారు. ఆ పేరు వినగానే 'ఎవరాయన?' అనేవాళ్లకి 'తోకచుక్క', 'పాతాళదుర్గం', 'జ్వాలాద్వీపం', 'భల్లూక మాంత్రికుడు' అని చెప్పి చూడండి... కళ్లలో మెరుపు కనిపిస్తుంది. గైగాక్స్ ఇంకా బడిపిల్లాడిగా ఉన్నప్పుడే, 1954లో 'చందమామ'లో 'తోకచుక్క' ధారావాహిక మొదలైంది. కొండగుహలు, శిథిలాలయాలు, రాక్షసులు, మాంత్రికులు, ధైర్యమే ఆయుధంగా ముందుకెళ్లే కుర్రాళ్లు... ఇదంతా మన పిల్లలకి ముందే తెలుసు. చిత్రా గీసిన బొమ్మలు చూసి ఎందరు పిల్లలు పుల్లల్ని కత్తులుగా చేసుకున్నారో!

1952 నుంచి 2006 దాకా దాసరి 'చందమామ'లోనే పనిచేశారు. ఆ ధారావాహికల మీద మాత్రం ఆయన పేరుండేది కాదు. తరాల పిల్లలు కథని ప్రేమించారు కానీ కథకుడెవరో తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. నడివయసుకొచ్చాక వెతికి వెతికి ఆయన పేరు తెలుసుకున్నారు, ఆయన గురించి వ్యాసాలు రాశారు. పాత సంచికలు కుట్టించుకుని బీరువాల్లో దాచుకున్నవాళ్లు ఆయన పోయారని తెలిసి విలవిల్లాడారు. ఆయన ధారావాహికలు ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. అది అభిమానులు తీర్చుకున్న రుణం.

పాచికే పూలదండ!

అక్కడ లేక్ జెనీవాలోనూ అభిమానుల రుణం తీర్చుకోవడం ఇంకా సాగుతోంది. అంత్యక్రియలనాడు మొదలైన ఆ కలయిక 2009 నుంచి 'గ్యారీ కాన్' పేరుతో ఏటా మార్చిలో జరిగే పండగయింది. ఒకప్పుడు తండ్రుల పక్కన కూర్చుని చూసిన పిల్లలు ఇప్పుడు తామే కథకులై ఆడిస్తున్నారు. సరస్సు ఒడ్డున గైగాక్స్ పేరు చెక్కిన ఒక ఇటుక ఉంది. దూరాల నుంచి వచ్చినవాళ్లు దాని మీద పూలకి బదులు పాచికలు పెట్టి వెళతారు. 2024లో ఆటకి యాభై ఏళ్లు నిండాయి. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ పుణ్యమా అని ఈ తరం కుర్రాళ్లకీ ఆ పేరు కొత్తగా పరిచయమైంది.

పెద్ద రచయిత పోతే ఆయన పుస్తకానికి కొత్త పేజీలు చేరవు. గొప్ప గాయకుడు పోతే పాత పాటలే మళ్లీ వినాలి. ఈ ఆట తీరు వేరు. గైగాక్స్ ఇచ్చింది పూర్తయిన కథ కాదు, కథ అల్లుకునే పద్ధతి. ఆయన కలలో కూడా అనుకోని కథలు రేపు ఎక్కడో ఒక బల్ల మీద పుడతాయి. ఒగ్గుకథకుడు పోయినా శిష్యుడు డోలు అందుకున్నట్టు!

ఇదంతా చదివి 'మా పిల్లలతో ఆడి చూద్దాం' అనిపించిందా? ఇరవై ముఖాల పాచిక మన ఊరి దుకాణంలో దొరకదే అని బెంగపడకండి. 1979 ప్రాంతంలో పాచికలు చాలక ఆ కంపెనీ కూడా పెట్టెల్లో అంకెల చీటీలే వేసి పంపింది! మీరూ అదే చేయండి. కాగితం చింపి ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాయండి, స్టీలు గ్లాసులో వేసి కలపండి. టీవీ కట్టేయండి. తాతయ్యనో అమ్మమ్మనో కథకుల్ని చేయండి. ఖిలాషాపూర్ కోట కింద ఆ రాతి తలుపు ఎలాగూ ఉంది. లోపల గురక పెడుతున్నదేమిటో... అది మీ ఇంట్లోవాళ్లే తేల్చాలి!