రెండేళ్ళలో అయిపోతుంది

1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానేమన్ ఇజ్రాయెల్‌లో కొందరిని కూడగట్టి హైస్కూలు పిల్లలకు ఓ పాఠ్యపుస్తకం మొదలుపెట్టాడు. విషయం: తప్పుల్లేకుండా నిర్ణయాలు తీసుకోవడం ఎలా? ఏడాది తిరిగేసరికి ఒకటి రెండు అధ్యాయాలు తేలాయి. మొత్తం ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికివారు కాగితం మీద రాయమన్నాడు. అందరూ రెండేళ్ళకు కాస్త అటూ ఇటూగా రాశారు.

ఆ జట్టులో పాఠ్యప్రణాళికల నిపుణుడు సేమూర్ ఫాక్స్ ఉన్నాడు. ఇలాంటి పనికి దిగిన మిగతా జట్లు ఏమయ్యాయని ఆయన్ని అడిగారు. నూటికి నలభై మధ్యలోనే చేతులెత్తేశాయట. గట్టెక్కినవాటికి ఏడు నుంచి పదేళ్ళు పట్టింది. మనం వాళ్ళకంటే మెరుగా అంటే, కాస్త తక్కువేనన్నాడు. అంతా కొన్ని నిమిషాలు చర్చించుకుని, ఏమీ విననట్టే పనిలో పడ్డారు. ఎనిమిదేళ్ళు పట్టింది. అప్పటికి విద్యాశాఖకు మోజు తీరిపోయింది. పుస్తకం ఏ బడికీ చేరలేదు.

అజ్ఞానం వల్ల అంచనా తప్పడంలో వింతేముంది? వింతంతా ఫాక్స్‌దే. లెక్కలన్నీ బుర్రలో పెట్టుకుని ఆయన కూడా రెండేళ్ళనే రాశాడు. అడిగేదాకా, ఆ లెక్కలకూ తన పనికీ సంబంధం ఉందని ఆయనకు తోచనే లేదు.

పని తలచుకోగానే మనకు చేయాల్సిన మెట్లే కనబడతాయి. జ్వరాలు, బదిలీలు, అలకలు ఆ జాబితాలో ఉండవు. విడివిడిగా చూస్తే ఏదీ వచ్చేలా ఉండదు మరి. కానీ పదింట ఒక వంతు అవకాశమున్న అడ్డంకులు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, ఇరవై ఉన్నాయనుకోండి. ఒక్కటీ తగలకుండా బయటపడే అవకాశం ఎనిమిదింట ఒకటే. మనం ఆ ఒక్కటి మీదే ముహూర్తం పెట్టుకుంటాం.

కానేమన్, ఆయన సహపరిశోధకుడు ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ జబ్బుకు పేరు పెట్టారు. మందు మాట అటుంచి, 1994లో అచ్చయిన ఓ కెనడా పరిశోధన దాని ముదురుతనం చూపించింది. సిద్ధాంత వ్యాసం ఎన్నాళ్ళలో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. పట్టింది 55 పైనే. వాళ్ళ నిరాశ కూడా ఆశపోతుదే. అదే ఇతరుల పని గురించి అడిగితే జనం ఇంత ధీమాగా ఉండరు. ఎదుటివాడి ఆలస్యాన్ని పసిగట్టడంలో మనందరం సిద్ధహస్తులం.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత తెలియనివాళ్ళు మనలో లేరు. అయినా పైకప్పు పడకముందే గృహప్రవేశం తేదీ బంధువులకు చెప్పేస్తాం. సామెత పక్కింటివాడి కోసమని మన నమ్మకం.

చికిత్స సులువే, గర్వానికే కాస్త నొప్పి. సొంత ప్రణాళిక విప్పకముందే, అలాంటి ఇల్లు ఈమధ్య కట్టినవాళ్ళను ముగ్గురు నలుగురిని అడగాలి: ఎన్ని నెలలన్నారు, ఎన్ని పట్టాయి? ఆ రెండో అంకెతో లెక్క మొదలుపెట్టాలి. ‘మా మేస్త్రీ అలాంటివాడు కాదండీ’ అనిపిస్తే, వాళ్ళ మేస్త్రీ గురించి మొదట్లో ఏమనుకున్నారో కూడా అడిగి చూడండి.