సైరను మ్రోగిన వేళ

2025 మే 7వ తేదీన దేశములోని అనేక పట్టణములలో పౌరరక్షణాభ్యాసములు జరిగినవి. ఆ పట్టికలో మన విశాఖపట్టణము కూడ ఉన్నది. ఆ సందర్భమున మమ్ము పలువురు అడిగిన ప్రశ్న ఒక్కటే: సైరను మ్రోగిన తరువాత మేము చేయవలసిన దేమి? ప్రశ్న చిన్నదే. సైరను వినగానే గుమ్మము దాటి వీధిలోనికి వచ్చి పైకి చూడవలెనని ఎవరికైనను తోచును; అది మనుష్య స్వభావము. ఆ స్వభావము ఒకప్పుడు మనవారి ప్రాణములను ఎందరివో బలిగొన్నది. కనుక ముందు ఆ కథ చెప్పవలసియున్నది.

ఉత్తరాంధ్ర పల్లెలలో రంగూను నగరమును 'రంగము' అందురు. గోదావరి మొదలు గంజాము వరకు గల తీరమునుండి తరతరములుగా వేలకొలది కూలీలు ఓడ ఎక్కి రంగము పోయినారు. అక్కడి రేవులో బస్తాలు మోసినవారిలో తెలుగువారే హెచ్చు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరున బర్మావారు వీరిని కోరంగీలని పిలిచినారు. 1941 డిసెంబరు 23వ తేదీన, పట్టపగలు, జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించినవి. ఆకాశములో విమానములు పోరాడుచుండగా వింత చూచుటకు జనము వీధులలో గుంపులుగా నిలిచినారు. ఆ గుంపుల నడుమనే బాంబులు పడినవి. రెండు దినముల తరువాత, క్రిస్టమసునాడు, మరల దాడి జరిగినది. ఇండ్లలోను కందకములలోను ఉన్నవారికంటె వీధిలో నిలిచి పైకి చూచినవారే ఎక్కువగా చనిపోయినారు.

దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. బాంబు నేలను తాకి పేలినపుడు దాని ఇనుప తునకలు పైకిని, ప్రక్కలకును, గరాటు ఆకారమున విరజిమ్మబడును. నిలుచున్నవాని దేహము ఆ దారికి అడ్డముగా నుండును. నేలపై బోరగిల పండుకొన్నవాని మీదుగా తునకలలో అధికభాగము పోవును. నేలకు దిగువన, కందకములో ఉన్నవానికి ఇంకను క్షేమము. కందకమును చక్కగా గీత గీసినట్లు త్రవ్వరాదు, మలుపులు పెట్టవలెను. ఒక చివర బాంబు పడినచో ఆ గాలిదెబ్బ మలుపువద్ద తగ్గిపోవును. విశాఖవంటి ఇసుకనేలలో మాత్రము అంచులు జారిపోవును గనుక పలకలతోనో బస్తాలతోనో ఆపుచేయవలెను. వాన కురిసినచో అది కందకము కాదు, దోమల కుంట. కిటికీ అద్దములకు కాగితపు పట్టీలు అడ్డదిడ్డముగా అంటించుట కూడ ఇట్టిదే: పట్టీలు అద్దమును పగులకుండ కాపాడవు, పగిలిన పెంకులు కత్తులవలె ఎగిరి గదిలో నున్నవారిని పొడువకుండ పట్టియుంచును.

రంగూను 1942 మార్చి 8వ తేదీన జపానువారి వశమైనది. బర్మానుండి సుమారు అయిదు లక్షలమంది భారతీయులు స్వదేశమునకు బయలుదేరినారు. ఓడ దొరికినవారు ఓడలో వచ్చినారు. దొరకనివారు ఆరకాను దారిన, మణిపురము దారిన, కొండలలో కాలినడకన వచ్చినారు. దారిలో కలరా, జ్వరము, ఆకలి వేలమందిని తీసికొనిపోయినవి. ఆనాడు తీరపు పల్లెలలో ఇంటింట రంగము మనియార్డరు ఆగిపోయినది. మనిషి వచ్చునో రాడో తెలియదు. డబ్బు రాదని మాత్రము తెలియును. వచ్చినవారు చెప్పిన కథలు ఊరూర వ్యాపించినవి. విశాఖపట్టణవాసులకు బాంబు అనగా ఏమో పత్రికలు చెప్పనక్కరలేదు, ఎదురింటివారే చెప్పినారు.

ఇట్లుండగా ఏప్రిలు వచ్చినది. 5వ తేదీ, ఈస్టరు ఆదివారమునాడు, జపాను నౌకాదళము కొలంబోపై దాడి చేసినది. మరునాడు, 1942 ఏప్రిలు 6న, ఒజావా సేనాని అధీనమునందున్న నౌకాభాగములోని 'ర్యూజో' అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ దినముననే బంగాళాఖాతములో ఇంచుమించు ఇరువది వర్తక నౌకలు మునిగినవి. విశాఖలో వారి గురి ఓడరేవు. 1933లో తెరచిన రేవు అది, అప్పటికి తొమ్మిదేండ్ల ప్రాయము. దానిచెంతనే, 1941 జూనులో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణశాల. చచ్చిపోయినవారు కొద్దిమందే, నష్టము పెద్దది కాదు. ఆనాడు పడి పేలక మిగిలిన బాంబు ఒకటి నేడు సముద్రతీరమునందలి విశాఖ మ్యూజియములో నున్నది. పిల్లలను తీసికొనిపోయి చూపదగినది.

బాంబులకంటె పెద్ద మార్పు ఆ తరువాత వచ్చినది. కొద్ది దినములలో పట్టణము చాలవరకు ఖాళీ అయినది. 1941 జనాభా లెక్కలలో సుమారు డెబ్బదివేలమంది గల ఊరు అది. ఇప్పటి వారు దీనిని పిరికితనమని నవ్వుట మేము విన్నాము. అది న్యాయము కాదు. రంగము కథ విన్న తల్లి బిడ్డలను చంకనెత్తుకొని లోపలి ఊరికి పోవుట తెలివియే. పైగా పెద్దలే ముందు కదలినారు. మదరాసులో, శత్రు నౌకలు వచ్చుచున్నవను తప్పుడు కబురు నమ్మి, తప్పనిసరి పని లేనివారు నగరము విడువుడని ప్రభుత్వము చెప్పినది. కచ్చేరీలు లోతట్టు ఊళ్లకు తరలినవి. జంతుశాలలోని సింహములు, పులులు తప్పించుకొనునను భయమున కాల్చి చంపబడినవి. వాల్తేరు కొండమీది ఆంధ్ర విశ్వవిద్యాలయము, కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నుండగా, గుంటూరునకు తరలినది. ఆ భవనములలో సైన్యము దిగినది.

పోయినవారెవరు? లోపల చుట్టములున్నవారు, బండి బాడుగ ఇచ్చుకోగలవారు. ఓడరేవు కూలీలు, పాకీపనివారు, ఆసుపత్రివారు, జాలరిపేట జనము ఎక్కడికి పోవుదురు? ఊరు విడుచుటకు కూడ కొంత కలిమి కావలెను. పోవు ఇల్లాలికి వచ్చు చిక్కులు చిన్నవి కావు. బావిచేద, తిరుగలి, ఆవు, మంచము పట్టిన అత్తగారు, తాళము వేసిన ఇల్లు, అప్పు తీర్చవలసిన కొట్టువాడు. అంగళ్లు మూసినపుడు ఊళ్లో మిగిలినవానికి చేతిలో డబ్బున్నను ఉప్పు దొరకదు. దీనికి తోడు బర్మా బియ్యము ఆగిపోయినది, ధరలు పెరిగినవి. బర్మా నూనెబావులు శత్రువు పాలగుటచే కిరసనాయిలు కరవైనది. లోపలి పల్లెలలో దీపములార్పుడని చెప్పువారి అవసరమే లేకపోయినది!

దీపములార్పు నియమమును గూర్చి ఒక మాట. ఆనాటి వైమానికుడు రాత్రివేళ కంటితో చూచి దారి పట్టవలసినవాడు. వెలుగుచున్న తీరపట్టణము అతనికి పటము విప్పి చూపినట్లుండును. రేవుపట్టణమునకు మరియొక కారణము కలదు. ఊరి వెలుగు వెనుకనుండగా సముద్రముపై పోవు ఓడ నల్లని నీడవలె స్పష్టముగా కనబడును. పొంచియున్న జలాంతర్గామికి అంతకంటె సులువైన గురి లేదు. 1942 ఏప్రిలు 6 నాటి దాడి పగటివేళ జరిగినది కనుక దీపములార్పుట అందు అక్కరకు రాలేదు. నేటి విమానములకు ఉపగ్రహములు దారి చూపుచున్నవి గనుక దీని ప్రయోజనము మునుపటివలె లేదు. అయినను నియమము నియమమే.

1971 డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధము వచ్చినపుడు విశాఖ మరల చీకటిలో మునిగినది. కిటికీలకు నల్లకాగితము అంటించినారు, మోటారుబండ్ల దీపములకు పైసగము నలుపు పూసినారు. 1963లో ప్రారంభమైన ఆకాశవాణి విశాఖ కేంద్రము అప్పటికి ఉన్నది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటినది. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారి ప్రసంగమునకై జనము రేడియోలవద్ద వేచియుండగా, సముద్రమువైపునుండి పెద్ద చప్పుడు వచ్చి తీరమునందలి ఇండ్ల అద్దములు అదిరినవి. భూకంపమని కొందరు బయటికి పరుగెత్తినారు. 'ఘాజీ' అను పాకిస్తాను జలాంతర్గామి, అందున్న తొంబదిమందికి పైగా నావికులతో మునిగిన చప్పుడు అది. మన 'రాజపుత్' నౌక వేసిన బాంబులచే మునిగినదని మన నౌకాదళము, లోపలి ప్రేలుడుననో మందుపాతరననో మునిగినదని వారు చెప్పుదురు. దాని శకలములను మొదట చూచినవారు వేటకు పోయిన జాలరులు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. హెచ్చుతగ్గులుగా, ఊళపెట్టినట్లు మ్రోగు సైరను ప్రమాద సూచన. ఎగుడుదిగుడు లేక ఏకధాటిగా మ్రోగునది ప్రమాదము తొలగినదనుటకు గుర్తు. మొదటిది వినగానే ఇంటిలోనున్నవారు అద్దముల కెడముగా, లోపలి గదిలో, క్రింది అంతస్తున ఉండవలెను. వీధిలోనున్నవారు గోడచాటునో పల్లపునేలలోనో పండుకొని చెవులు మూసికొనవలెను. వంటపొయ్యి, గ్యాసు కట్టవలెను. రెండవది వినువరకు బయటికి రారాదు.

అయితే మా ఊరికి ఇంతతో చెల్లదు. నూనెశుద్ధి కర్మాగారము, రసాయనముల ట్యాంకులు, ఉక్కు కర్మాగారము గల పట్టణము ఇది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురమువద్ద స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న గ్రామముపై కప్పినది, పన్నెండుగురు చనిపోయినారు. స్టైరీను ఆవిరి గాలికంటె బరువైనది, పల్లమును వెదకికొని పోవును. బాంబునుండి రక్షించు కందకమే అట్టివేళ మృత్యుకూపమగును. అప్పుడు చేయవలసినది నేలకు వంగుట కాదు. తడిగుడ్డ ముక్కునకు అడ్డుపెట్టుకొని, గాలి వీచు దిక్కునకు అడ్డముగా, మెట్టకు పోవుట. సైరను ఒక్కటే, వచ్చినది ఏ ఆపదయో అది చెప్పదు. కరెంటు లేని రాత్రి ఆ మాట చెప్పుటకు ఘటములు వేసిన ట్రాన్సిస్టరు ఒకటి ఇంటనుంచుకొనుడు. ఆ ఘటములు నెలకొకమారు చూచుకొనుడు. కారిపోయిన ఘటములు రేడియోను కూడ పాడుచేయును.