లోడు టిప్పర్ ఒక్కసారి వెళ్తే మట్టి రోడ్డు ఖతం.. అసలు కథ టైర్ల కిందే ఉంది!

వాన తగ్గిన గంటకే ఇసుక టిప్పర్ ఒకటి ఊరి మట్టి రోడ్డు మీదుగా వెళ్లింది. అంతే.. రెండు వైపులా లోతుగా చక్రాల గాడులు. తెల్లారి స్కూల్ ఆటో దిగబడింది. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదకొస్తే 108 వాహనం ఊళ్లోకి రావడమే కష్టం. చాలా పల్లెల్లో ఏటా కనిపించే సీన్ ఇది. మరి ఒక్క బండికే రోడ్డు ఇంతలా ఎందుకు పాడవుతుంది?

బరువు రెట్టింపు.. నష్టం 16 రెట్లు!

1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లారీలను పదే పదే తిప్పి రోడ్లను పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం దాదాపు 16 రెట్లు అవుతుందని ఆ ఫలితాల నుంచి లెక్క తేలింది. అది తారు, కాంక్రీట్ రోడ్ల లెక్క. మట్టి రోడ్డులో నేలను, తడిని బట్టి ఇది మారుతుంది. కానీ బరువు పెరిగేకొద్దీ దెబ్బ అంతకు మించి పెరగడం మాత్రం మామూలే.

మన దేశంలో 2018లో నాలుగు టైర్ల సింగిల్ ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగిన బరువు 13 శాతం లోపే. పై లెక్క ప్రకారం నష్టం మాత్రం సుమారు 60 శాతం ఎక్కువ!

గాలికీ గాడికీ లింకేంటి?

టైరులో ఎంత గాలి ఒత్తిడి ఉంటే, నేల మీద దాదాపు అంతే ఒత్తిడి పడుతుంది. ఒక టైరు మీద 2,500 కిలోలు ఉండి, గాలి 100 పీఎస్ఐ ఉంటే నేలను తాకే భాగం సుమారు 350 చదరపు సెంటీమీటర్లే. గాలి సగానికి తగ్గిస్తే టైరు పరుచుకుని ఆ భాగం దాదాపు రెట్టింపవుతుంది. పై మట్టి మీద ఒత్తిడి తగ్గి, గాడి తక్కువ పడుతుంది. అయితే మొత్తం బరువు తగ్గదు కాబట్టి లోపలి పొరలకు భారం తప్పదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన 'డక్' వాహనంలో డ్రైవర్ సీట్లోంచే టైర్ల గాలి మార్చుకునే వీలుండేది. తర్వాత అక్కడి అటవీ శాఖ కలప లారీల మట్టి రోడ్ల మీద ఇదే పద్ధతిని పరీక్షించింది.

అలాగని గాలి తీసేయొద్దు!

తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. లోడుకు, వేగానికి తగ్గట్టు కంపెనీ చెప్పినంత గాలే ఉండాలి. ఇక దమ్ము చేసే ట్రాక్టర్ కేజ్ వీల్స్ అయితే మరీ ఘోరం. బరువంతా సన్నటి ఇనుప పట్టీల మీదే పడి రోడ్డును కోసేస్తుంది.

మరి ఏం చేయాలి?

తడిస్తే మట్టికి పట్టు పోతుంది. అందుకే వాన పడ్డాక రోడ్డు ఆరేదాకా భారీ వాహనాలను ఆపడం మొదటి పని. నీళ్లు నిలవకుండా రోడ్డు మధ్య ఎత్తు, పక్కన కాలువ ఉండాలి. ఓవర్‌లోడ్‌కు మోటారు వాహనాల చట్టం ప్రకారం రూ.20 వేలు, అదనపు టన్నుకు మరో రూ.2 వేల జరిమానా ఉంది. లోడు ఎక్కువేస్తే మిగిలేది ఒక ట్రిప్పు డీజిల్. పోయేది ఊరందరి దారి.