మీకు తెలుసా? పాము కాటుకు ఆసుపత్రిలో ఏం చేస్తారంటే...

● కరిచిన పామును వెతికి, చంపి ఆసుపత్రికి తీసుకెళ్లనక్కర్లేదు. మన దేశంలో వాడే యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర... ఈ నాలుగింటికీ ఒక్కటే. రోగి లక్షణాలను బట్టే డాక్టర్లు వైద్యం మొదలుపెడతారు.

● కాటుకు పైన బిగించి కట్టిన తాడును ఆసుపత్రికి రాగానే విప్పేయరు. ముందు సెలైన్ పెట్టి, మందు సిద్ధం చేసుకుంటారు. ఒక్కసారిగా విప్పితే విషం ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. రక్తం ఆడక కాలో చెయ్యో పాడైపోవచ్చు కాబట్టి అసలు కట్టకపోవడమే మేలు.

● పింజర విషం పట్టేయడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందా, విషం పనిచేస్తున్నట్టే. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. రక్తం గడ్డకట్టడానికి గాజు తోడ్పడుతుంది.

● ఇంగ్లిషులో రక్తపింజరకు ఎవరి పేరు పెట్టారో ఆ పాట్రిక్ రసెల్ మన విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడే. కుక్కల మీద, కోళ్ల మీద పాము విషాలను పరీక్షించాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో వెలువడింది.

● యాంటీ వెనమ్ గుర్రాల రక్తం నుంచి వస్తుంది. వాటికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, రక్తంలో తయారైన యాంటీబాడీలను వేరుచేస్తారు. కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడు ఇరుళ గిరిజనుల సహకార సంఘానిదే. గుర్రం ప్రొటీన్లు కొందరికి పడవు. అందుకే పక్కనే అడ్రినలిన్ ఉంచుకుంటారు.

● చంటిపిల్లలకైనా మోతాదు తగ్గించరు. పిల్లల్ని కరిచినా పెద్దల్ని కరిచినా పాము వదిలే విషం అంతే కదా! మొదట మామూలుగా 8 నుంచి 10 వయల్స్ ఇస్తారు.

● కట్లపాము రాత్రివేళ, నేల మీద పడుకున్నవాళ్లను ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. దెబ్బతిన్న నరాల కొసలను యాంటీ వెనమ్ బాగుచేయలేదు. అవి మళ్లీ కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటరే ఊపిరి.

● విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. పసరు మందుకు పేరొచ్చేది ఇలాంటి కాట్లతోనే. ఆసుపత్రిలో మాత్రం లక్షణాలు లేకపోయినా కనీసం 24 గంటలు గమనిస్తారు. విషం ఎక్కిన జాడ లేకపోతే యాంటీ వెనమ్ ఇవ్వకుండానే ఇంటికి పంపిస్తారు.